మా మామ్మ తవ్వ

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు, పూర్వ విద్యార్థులు మామూలుగా రాసే విషయాలే ముందు నాకూ తోచాయి. నీళ్ల సాంబారు, ఆదివారం కోసం చూసిన ఎదురుచూపులు, స్టడీ అవర్లో కునికిపాట్లు, కామాటి గారి ఈల. అవన్నీ మన సీనియర్ అన్నయ్యలు నాకంటే బాగా రాసేశారు. అందుకని నేను మా తాత, మామ్మల నుంచి మా ఇంటికి మిగిలిన రెండు వస్తువుల గురించి రాస్తాను. వాటిలో ఒకటి మన హాస్టల్లో ఐదేళ్లు నా తల దగ్గరే ఉంది. నా బ్యాచ్ వాళ్లకి అది గుర్తుండే ఉంటుంది.

హాస్టల్లో చేరాలన్నా, స్కాలర్‌షిప్ రావాలన్నా మనం ఆదాయ ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టుకుంటాం కదా. భూమి ఎంత, ఇతర ఆస్తులేమిటి అని అడిగినప్పుడల్లా మా నాన్న "ఏమీ లేవండి" అని చెప్పేవాడు. చెప్పింది నిజమే. తాతల నాటి వస్తువులంటే సినిమాల్లో పడక కుర్చీ, గోడ గడియారం, కాసుల పేరు చూపిస్తారు. మా పేటలో ఎవరింట్లోనూ అలాంటివి లేవు. మా తాతల నుంచి మాకు వచ్చినవన్నీ పనిచేసిన వస్తువులు. కొడవలి, పార, కొబ్బరి దింపు తీసేవాళ్ల ఇళ్లలో మోకు. మా ఇంట్లో ఒక ట్రంకు పెట్టె, ఒక ఇత్తడి తవ్వ.

ముందు పెట్టె సంగతి చెబుతాను.

మా తాత చిన్నప్పటి నుంచీ ఒక కామందు దగ్గర పాలేరుగా జీతానికి ఉన్నాడు. పెళ్లయ్యాక అక్కడ మానేసి, ధవళేశ్వరం దగ్గర కొత్త బ్యారేజీ కడుతున్నారని తెలిసి ర్యాలి వైపు పనికి పోయాడు. కాటన్ దొర 1847 నుంచి 1852 వరకు కట్టించిన పాత ఆనకట్ట బలహీనపడితే, దాని బదులు ఈ బ్యారేజీని 1970లో మొదలుపెట్టి 1982లో పూర్తి చేశారు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు. మన డెల్టాలో కాటన్ దొర విగ్రహం లేని ఊరు అరుదు. తట్టలు మోసిన వాళ్లకి విగ్రహాలుండవు కాబట్టి, మా తాతకి గుర్తుగా ఆ పెట్టె ఉందని నేను అనుకుంటాను. అక్కడి కూలి డబ్బులతో రాజమండ్రిలో కొన్నాడట. ఆకుపచ్చ రంగు, మూత మీద రెండు గులాబీ పువ్వులు. నాకు ఊహ తెలిసేసరికి ఒక పువ్వు పూర్తిగా చెరిగిపోయింది.

పెట్టెకి ఒక మూల పెద్ద సొట్ట ఉంది. అది 1996 నవంబరు 6 రాత్రిది. కోనసీమ వాళ్లకి ఆ తేదీ విడిగా చెప్పక్కరలేదు. ఆ తుఫానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు, కొబ్బరి తోటలకి తోటలే నేలకొరిగాయి. మా తాటాకిల్లు కప్పు ఎగిరిపోయి, కొబ్బరి చెట్టు అడ్డంగా పడింది. ఇంట్లో వాళ్లంతా అప్పటికే బడికి చేరుకోవడంతో బతికారు. తెల్లారి వచ్చి చూస్తే గోడ మట్టి కింద పెట్టె, పెట్టెలో మామ్మ పాత చీరలు, తవ్వ. ఈ వివరాలన్నీ మా తాత ఎన్నిసార్లు చెప్పాడో. చెప్పిన ప్రతిసారీ గాలి ఇంకొంచెం పెద్దదయ్యేది.

2013లో నేను ఆరో తరగతికి హాస్టల్లో చేరినప్పుడు ఆ పెట్టెని బస్టాండు నుంచి హాస్టలు దాకా నెత్తి మీద పెట్టుకుని తెచ్చింది తాతే. నాన్న మోస్తానంటే ఇవ్వలేదు. "ఇది నాకు అలవాటైన బరువురా" అన్నాడు. 2016లో తాత పోయాడు.

ఆ పెట్టె మూత లోపలి వైపు మేకుతో గీసిన గీతలున్నాయి. నిలువు గీతలు, కొన్నిటిని కలుపుతూ ఒక అడ్డగీత. మా గదిలో వాళ్లు అవి నేను క్రికెట్ స్కోరు వేసుకున్నవని అనుకునేవారు. అవి తాత పనిదినాలు. ఎండాకాలంలో కాలువలు కట్టేశాక పూడిక తీసే పనికి పోయేవాడు. ఒక రోజు పనికి ఒక నిలువు గీత. మేస్త్రీ డబ్బులిచ్చిన రోజు వాటి మీదుగా అడ్డగీత. తాతకి సంతకం రాదు, వేలిముద్రే. అయినా ఎన్ని రోజులు పని చేశాడో, ఎన్ని రోజులకి డబ్బులు ముట్టాయో ఆ మూత విప్పితే తెలుస్తుంది. చివరి వరుసలో పదకొండు నిలువు గీతలున్నాయి. వాటి మీద అడ్డగీత లేదు.

ఇక తవ్వ.

నేటి తమ్ముళ్లలో చాలామంది ఈ మాట విని ఉండరు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. నాలుగు గిద్దలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. నాలుగు మానికలు, అంటే ఎనిమిది తవ్వలు, ఒక కుంచం. కొలతలు ఊరికొక రకంగా ఉన్నాయనే ప్రభుత్వం 1956లో చట్టం చేసి కిలోలు, లీటర్లు తెచ్చింది. కానీ కళ్లంలో కూలి గింజలు కొలిచేవాళ్లు ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు కుంచాన్ని వదల్లేదు.

మామ్మ పుట్టిల్లు నరసాపురం వైపు. పెళ్లయి సఖినేటిపల్లి రేవులో పంటి దిగినప్పుడు ఆమె చేతిలో ఉన్న సామాన్లలో ఈ తవ్వ ఒకటి. "అజ్జరం సరుకురా, మా అయ్య ఏరి కొన్నాడు" అని గొప్పగా చెప్పేది. ఇత్తడి సామానుకి అజ్జరం పేరు మన రెండు జిల్లాల్లోనూ తెలిసిందే. అంచు చుట్టూ రెండు గీతలు, అడుగున సుత్తి దెబ్బల గుర్తులు. దాన్ని చింతపండు పెట్టి తోమితే మొహం కనపడేది. నా చిన్నతనంలో ఆ తవ్వ లేకుండా మామ్మ నాకు గుర్తు రాదు. సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి అందులో మరమరాలు పోసి ఉంచేది. తిన్నాక నేను దాన్ని బోర్లించి డప్పులా వాయించేవాణ్ణి. "అది తిండి కొలిచేదిరా, కొట్టకూడదు" అని లాక్కునేది.

బియ్యం కొలిచేటప్పుడు ఆమె "ఒకటి" అనేది కాదు. "లాభం" అనేది. లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. తర్వాత "ఏడు" అనేది కాదు. ఆ మాట ఏడుపుని పిలుస్తుందని "ఆరున్నొకటి" అనేది. ఇది మన పెద్దవాళ్లందరి అలవాటే. నేను ఎం.ఏ. ఎకనామిక్స్‌లో చేరాక నాకు తమాషాగా తోచింది ఏమిటంటే, మా పుస్తకాల్లో ఖర్చులన్నీ తీసేశాక చివర్లో మిగిలేది లాభం. మా మామ్మకి మొదటి కొలతే లాభం. ఆ తవ్వెడు బియ్యం కుండలో పడితే ఆ పూటకి పిల్లలు తింటారు. మిగతా లెక్క తర్వాత.

2011 సార్వాలో కోనసీమ రైతులు గిట్టుబాటు కావడం లేదని పంట విరామం ప్రకటించారు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఊడ్పులు లేవు, కోతలు లేవు. రైతుల బాధ నిజమైనదే, దాని మీద చాలామంది రాశారు. కూలివాళ్లు ఆ నెలలు ఎలా గడిపారన్నది మాత్రం నేను చదివినంతలో తక్కువ. మా ఇంట్లో ఎలా గడిచిందో చెబుతాను. తవ్వ షాపులో తాకట్టుకి పోయింది. మామ్మ సోడా గ్లాసుతో బియ్యం కొలిచింది. ఆ ఏడాది నవంబరులో రూపాయికి కిలో బియ్యం మొదలైంది. ఆ తర్వాత కొన్నాళ్లకి తవ్వ ఇంటికి వచ్చింది. రాగానే మామ్మ చేసిన మొదటి పని, కోటా బియ్యాన్ని దాంతో కొలిచి చూసుకోవడం.

ఎవరిచ్చినా సరే ఇంటికొచ్చి తన తవ్వతో మళ్లీ కొలిచేది. నేను హాస్టల్లో ఎనిమిదో తరగతి చదువుతున్నప్పుడు ఒకసారి నన్ను చూడ్డానికి వచ్చి, వంటగది ముందు నిలబడి, డబ్బాతో బియ్యం పోస్తున్న వంటాయన్ని "బాబూ, పిల్లోళ్లకి డబ్బా అంచుకి సదును సేసి పోత్తన్నావా, గోపురం పోత్తన్నావా?" అని అడిగేసింది. ఆయన నవ్వి "గోపురమేనమ్మా" అని ఇంకో గుప్పెడు వేశాడు. ఆ రోజు నుంచి గదిలో నా పేరు "గోపురం". ఆ పేరుతోనే ఇప్పటికీ నన్ను పిలిచేవాళ్లు ఈ సంచిక చదువుతుంటారు.

ఆమెకి ఈ అనుమానం ఎందుకన్నది నాకు 2020లో తెలిసింది. ఆ మార్చిలో హాస్టళ్లు మూసేశారు. పెట్టె సర్దుకుని ఇంటికి వెళ్లిపోయాను. ఇంట్లో ఒకటే ఫోను. ఊరంతా ఎవరి గుమ్మంలో వాళ్లు. పగలంతా నేనూ, మామ్మా వేపచెట్టు కింద. అంతకుముందు సెలవుల్లో వచ్చినా ఆమెతో కూర్చుని పూర్తిగా ఒక కథ విన్నది లేదు, ఆమెకీ చెప్పే తీరిక ఉండేది కాదు. మన మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న గారి "పాలేరు" నాటకం గురించి చెప్పాను. చదువుకుని పైకొచ్చిన పాలేరు కుర్రాడి కథ అన్నాను. శ్రద్ధగా విని, "ఆ కుర్రోడి అమ్మ ఏం సేసిందో రాశారా?" అని అడిగింది. తర్వాత తన కథ మొదలుపెట్టింది.

మామ్మకి సంవత్సరాలు అంకెల్లో తెలియవు. "పెద్ద వరదకి రెండేళ్ల ముందు" అంది. పెద్ద వరదంటే 1986 ఆగస్టుది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి పారిన వరద. అంటే ఇది 1984 మాసూళ్ల నాటి సంగతి. కోతకి కూలి కుంచాల్లెక్కన ధాన్యం. కళ్లంలో కామందు గుమస్తా కొలిచి ఆడవాళ్ల ఒళ్లో పోసేవాడు. మామ్మ ఇంటికొచ్చి కొలిస్తే కుంచానికి ఎనిమిది తవ్వలు రావాలి కదా, ఏడూ చిల్లర వచ్చేది. ఒక రోజు కాదు, వరుసగా. మొదట తన తవ్వే తప్పేమో అనుకుని పక్కింటి సోలతో సరిచూసింది. తవ్వ సరిగానే ఉంది.

మర్నాడు తవ్వని కొంగులో కట్టుకుని కళ్లానికి వెళ్లింది. కూలి పోసే వేళకి, అందరూ చూస్తుండగా, కుంచం దించమని అడిగి అందులో తవ్వతో నీళ్లు పోసింది. "లాభం, రెండు, మూడు" అని పైకి లెక్కపెట్టింది. ఎనిమిదో తవ్వ సగం పోయకముందే నీళ్లు పొర్లిపోయాయి. కుంచం బోర్లించి చూస్తే అడుగు రేకు లోపలికి నొక్కి ఉంది. ఎవరు నొక్కారో, ఎప్పుడు నొక్కారో అక్కడ ఎవరూ అనలేదు. అప్పు గింజలు తిరిగి కొలిపించుకునేటప్పుడు వాడే కుంచం మాత్రం వేరేగా ఉందట, దానికి సొట్ట లేదు. అది చదును కాదు, గోపురం కొలత.

"కోపం వచ్చిందా మామ్మా?" అని అడిగాను.

"కోపమేటిరా. నీళ్లు పొర్లిపోతంటే నాకు బయ్యమేసింది. ఇపుడేం సేత్తారో అని."

పేట ఆడవాళ్లు మూడు రోజులు కోతకి పోలేదు. నాలుగో రోజు ఆకాశం మబ్బేస్తే కబురొచ్చింది. కొత్త కుంచం తెప్పించారు. అందరూ పనికి వెళ్లారు. మామ్మని తప్ప. "ఆ తవ్వావిడ వద్దు" అన్నారట. ఒక్క ఆ కళ్లంలోనే కాదు, చుట్టుపక్కల ఏ కళ్లంలోనూ రెండేళ్లు ఆమెకి పని దొరకలేదు. మూడు మైళ్ల అవతల ఊరికి నడిచి వెళ్లి చేసుకుంది. కనీస వేతనాల చట్టం 1948లోనే వచ్చిందని మా క్లాసులో చదువుకున్నాం. 1984లో ఆ కళ్లంలో దాని పేరు తెలిసినవాళ్లు ఉన్నా, కూలివాళ్ల వైపు మాత్రం లేరు.

ఇంతవరకు వింటే మా మామ్మ వీరనారి అనిపిస్తుంది. నేనూ ఆ సాయంత్రం అదే ఉత్సాహంతో నాన్న పని నుంచి రాగానే "మామ్మ కథ నీకు తెలుసా?" అన్నాను. నాన్న కాళ్లు కడుక్కుంటూ, తల ఎత్తకుండా, "తెలుసు. ఆ ఏడే నన్ను బడి మాన్పించి గేదెల కాపలాకి పెట్టారు. అయిదో తరగతి" అన్నాడు. ఇంకేమీ అనలేదు. మామ్మ కూడా ఏమీ అనలేదు. చేటలో బియ్యం ఏరుకుంటూ ఉండిపోయింది.

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. పేటలో అందరికీ కుంచం సరైంది, దాని ఖరీదు మా నాన్న చదువు. ఆరో తరగతి నుంచి ఎం.ఏ. దాకా మా ఇంట్లో చదివినవాణ్ణి నేనే. ఇద్దరిలో ఎవరిది న్యాయం అని నన్ను అడిగితే నేను చెప్పలేను. మామ్మ ఆ రోజు నీళ్లు పోయకపోయి ఉంటే బాగుండేదని అనడానికి నాకు నోరు రాదు. పదేళ్ల పిల్లాడు గేదెల వెనక పోతూ బడి గంట విన్న రోజుల్ని లెక్కలోంచి తీసెయ్యడానికీ నాకు మనసు ఒప్పదు.

2021లో మామ్మ పోయింది. 2022 జూలై వరదకి నీళ్లు మా వీధి దాకా వచ్చాయి. ధవళేశ్వరంలో మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని తెలియగానే నాన్న పెట్టెని నెత్తిన పెట్టుకుని ఏటిగట్టు మీదకి చేర్చాడు. అందులో నా సర్టిఫికెట్లు ఉన్నాయి. తవ్వని కూడా అందులో పడేసింది అమ్మ.

మరుసటి ఏడాది పాత ఇత్తడి సామాన్లు కొనే ఒకాయన పేటకి వచ్చాడు. టౌనులో రిసార్టులకి, హోటళ్లకి అలంకారంగా పెడతారట. తవ్వని చేత్తో తిప్పి చూసి పదిహేను వందలు ఇస్తానన్నాడు. అప్పుడే నాకు పీజీ అడ్మిషన్ ఖర్చులు కట్టాలి. నాన్న నా వైపు చూశాడు. ఆయనకి దాన్ని అమ్మెయ్యాలనే ఉందని నాకు అర్థమైంది. ఎందుకు ఉండకూడదు? నాకైతే అది మామ్మ జ్ఞాపకం. ఆయనకి అది పోయిన బడి. నేను వద్దనలేదు, సరే అనలేదు. నోరు పెగల్లేదు. లోపల్నుంచి అమ్మ వచ్చి, ఆయన చేతిలోంచి తవ్వ తీసుకుని, "రేపు బియ్యం దేంతో కొలవమంటారు?" అంది. అంతే. బేరం అయిపోయింది. అడ్మిషన్ డబ్బులు నాన్న ఎక్కడో అప్పు తెచ్చాడు. నేను రెండు నెలలు ఆదివారాలు క్యాటరింగ్ పనికి పోయి సగం తీర్చాను.

ఈ వ్యాసం రాయడానికి ముందు మన పాత స్నేహితులకి ఫోన్ చేసి, మీ ఇళ్లలో తాతల నాటివి ఏమున్నాయని అడిగాను. ఒకడి దగ్గర వాళ్ల అమ్మమ్మ చీరలతో కుట్టిన బొంత ఉంది, మన హాస్టల్లో కప్పుకున్నదే. ఇంకొకడి దగ్గర తాత మరచెంబు. ఇప్పుడు ఉద్యోగం చేస్తున్న ఒక అన్నయ్య దగ్గర వాళ్ల తాత మోకు ఉంది. హైదరాబాదులో మూడో అంతస్తు ఫ్లాటులో మేకుకి తగిలించాడట. చూసినవాళ్లు అదేమిటని అడిగితే చెబుతాడట, కొందరు తర్వాత రావడం తగ్గించారట. ఒక తమ్ముడు మాత్రం "మా ఇంట్లో ఏమీ లేవన్నా, అన్నీ ఆకలికి అమ్మేశారు" అన్నాడు. ఏం అమ్మారో వాళ్ల నాయనమ్మని అడిగి రాసి ఉంచమన్నాను. ఆమె ఉన్నారు, చెవులు కూడా బాగా వినిపిస్తాయట.

ఈ జూన్‌లో మా చెల్లి ఇంటర్‌కి హాస్టల్లో చేరింది. పెట్టె ఇప్పుడు దానిది. అడుగు రేకు తుప్పు పట్టి చిల్లు పడితే టౌనుకి తీసుకెళ్లి మార్పించాం. రేకు పనాయన బయటంతా నీలం రంగు వేశాడు, ఉన్న ఒక్క గులాబీ కూడా పోయింది. లోపల మూతకీ వేస్తానంటే చెల్లి వద్దంది. ఇంటికి తెచ్చాక అది ఆ గీతల్ని వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టి, చివరి పదకొండు దగ్గర ఆగి, "వీటికి ఎంత రావాలి?" అని నన్ను అడిగింది. ఎకనామిక్స్ చదివానని. నాకు తెలియదన్నాను. గుమ్మంలో కొడవలికి కక్కు పెడుతున్న నాన్న పని ఆపాడు.

"రోజుకి ఐదు" అన్నాడు. "యాభై అయిదు రూపాయలు. ఆ డబ్బులొస్తే నాకు బడికి చొక్కా కుట్టిస్తానన్నాడు మీ తాత."

ఆ మేస్త్రీది ఏ ఊరని చెల్లి అడిగింది. నాన్న ఊరి పేరు కూడా చెప్పాడు.